నీలాపనింద

(పట్టణ గ్రంథాలయమున వినాయకచవితి మరునాటి సాయంకాలము చేసిన యుపన్యాసము)



నిన్న మన యిండ్లన్నిటను శ్యమంతకోపాఖ్యానము చదువబడినది. చేత నక్షతలు, మనస్సున ఉండ్రాళ్లు నుంచుకొని ఆ కథను వినీ విననట్లు వినుట మనలో పలువురకు చిన్ననాటి యలవాటు. మేమును నిన్న అట్లే వినుచుండగా మా చిన్న కుమార్తె యడిగినది: “ప్రసేనుడు కనపడకపోతే కృష్ణుడే చంపాడని వాళ్లకెట్లా తెలిసింది, నాన్నా?” ఇరువది యేండ్లుగా క్రిమినలు కోర్టులలో ప్లీడరీ చేయుచున్న మాకు వెంటనే జవాబు తోచలేదు.

వారికి తెలియలేదు, తెలిసినట్లు చెప్పుకొనిరి. కృష్ణుడు మణిని అడిగియుండెను. సత్రాజిత్తు ఇయ్యకపోయెను. ఆ మణిని ధరించి వేటకు పోయిన ప్రసేనుడు మరలి రాలేదు. ఈ మూడు సంగతులును నిజములే. ఈ మూటిని ముడివేసి ద్వారకాపురవాసులు నాల్గవదానిని తామే కల్పించుకొనిరి. మేము కోర్టులలో నిత్యము చూచునది ఈ నాల్గవ సంగతినే.

పురాణమని త్రోసివేయువారు మీలో నుందురు. వారికొరకు మన కాలమున, న్యాయస్థానములును రసాయనశాలలును టెలివిజనులును సమృద్ధిగా గల దేశమున, జరిగిన యొక వ్యవహారమును చెప్పెదము.

ఆస్ట్రేలియా ఖండమునకు నట్టనడుమ ఎడారిలో ఉలూరు అను మహాశిల కలదు. అది అచ్చటి ఆదిమవాసులైన అనంగు ప్రజలకు పవిత్రస్థలము. 1980 ఆగస్టు 17వ తేదీ రాత్రి ఆ శిల చెంత డేరాలు వేసికొని కొందరు యాత్రికులు బస చేసిరి. అందు మైకేల్ చాంబర్లేన్ అను పాదిరియు, అతని భార్య లిండీయు, ఇద్దరు చిన్న కొడుకులును, తొమ్మిది వారముల యాడుశిశువు అజారియాయు ఉండిరి. శిశువును డేరాలో పరుండబెట్టి తల్లి వంటచోటికి వచ్చెను. కొంతసేపటికి ఏడ్పు వినబడినది. అది విన్నది తల్లి యొక్కతెయే కాదు. ప్రక్కనున్న యాత్రికులును వినిరి. తల్లి పరుగెత్తిపోగా డేరానుండి డింగో యొకటి వెలువడుట చూచెను. డింగో యన ఆ దేశపు అడవికుక్క. శిశువు పరుపు ఖాళీగా నుండెను.

ఆ రాత్రియే వందలకొలది జనులు దివిటీలు, లాంతర్లు పట్టుకొని ఇసుకతిన్నెలు గాలించిరి. అనంగు జాడగాండ్రును, ఆ ఉద్యానవనపు అధికారియు ఇసుకలో డింగో అడుగులను చూచిరి. ఏదో బరువును ఈడ్చుకొనిపోయిన గుర్తును, నడుమ దానిని క్రిందికి దించినచోట అల్లిక బట్ట అచ్చును చూచిరి. తరములుగా ఇసుకను పుస్తకమువలె చదువుట నేర్చినవారు చెప్పినమాట యిది. ఉలూరు చెంత డింగోలు మనుష్యులయెడ భయము విడిచినవనియు, పసిపిల్లలకు ప్రమాదమనియు ఆ యధికారి అంతకుముందే పైవారికి వ్రాసియుండెను. వారము దినములకు శిశువు బట్టలు నెత్తుటి మరకలతో దొరకినవి. పైన తొడిగిన చిన్న అల్లిక కోటుమాత్రము దొరకలేదు. ఈ కోటును మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతవరకు దుఃఖము. ఇక లోకము నోరు విప్పినది.

తల్లి టెలివిజనులో మాటలాడునప్పుడు ఏడ్వలేదట. బిడ్డ బట్టలనుగూర్చి తడబడక చెప్పినదట. బిడ్డకు ఎన్నడో నల్లగౌను తొడిగినదట. వారిది సెవెంత్ డే అడ్వెంటిస్టు మతమట. ఆ మతమేదో వింతమతమట. ‘అజారియా’ యన ‘అరణ్యమున బలి’ యని యర్థమట! నిజమునకు ఆ హీబ్రూ పేరునకు ‘దేవుని సాయము పొందినది’ యని యర్థము. నిఘంటువు తెరచిన నిమిషములో తేలెడి సంగతి. కాని అరణ్యమున బలి యను మాటలోని రుచి నిఘంటువులో ఎక్కడిది? “లోకులు పలుగాకులు” అని మనవా రూరక యనలేదు.

మీరొక సంగతి గమనింపుడు. ఆ జనులు పిచ్చివారు కారు, దుర్మార్గులునుగారు. పత్రికలు చదివినవారు, గ్రంథాలయములకు పోవువారు, మనబోటివారు. డింగో శిశువును ఎత్తుకొనిపోజాలునా, జాడ ఏ దిక్కునకు పోయినది, బట్టలను పరీక్షించిన దెవరు అని వా రడుగలేదు. ఆమె యేల యేడ్వలేదని యడిగిరి. తల్లి ముఖమును చూచిరి గాని ఇసుకలోని జాడను చూడలేదు. ముఖము టెలివిజనులో కనబడును, జాడ కనబడదు.

1981 ఫిబ్రవరిలో కరోనర్ డెనిస్ బారిట్ విచారణ ముగించి, డింగోయే శిశువును ఎత్తుకొనిపోయినదనియు, తలిదండ్రులు నిర్దోషులనియు, తరువాత బట్టల విషయమున ఎవరో చేయి చేసికొనిరనియు నిర్ణయించెను. వదంతుల నోరు మూయింపవలెనని తన నిర్ణయమును టెలివిజనులోనే చదివెను. పాపము, మంటను ఆర్పుటకు నేయి తెచ్చినట్లైనది. కొలది నెలలలో పోలీసువారు క్రొత్త నిపుణుల నివేదికలతో వచ్చిరి. మొదటి నిర్ణయము కొట్టివేయబడినది; రెండవ విచారణ జరిగినది. 1982 సెప్టెంబరులో డార్విన్ నగరమున లిండీ చాంబర్లేన్ కన్నబిడ్డను హత్య చేసెనను నేరముపై బోనులో నిలువబడెను. అప్పటి కామె నిండు గర్భిణి.

ప్రాసిక్యూషన్ వాదము వినుడు. తల్లి బిడ్డను కారు ముందుసీటులో కూర్చుండి గొంతు కోసి చంపెనట. దేహమును కెమేరాసంచిలో దాచెనట. ఎందుకు చంపెను? కారణము చెప్పలేదు, చెప్పనక్కరలేదనిరి. దేహము లేదు, చూచినవారు లేరు, కారణము లేదు. ఉన్నది కారులో దొరకిన మరకలలో పసిబిడ్డ నెత్తుటి గుర్తులున్నవని చెప్పిన రసాయనపరీక్ష. ఆ పరీక్షల పలకలు ప్రతివాదులు చూచులోపలనే పారవేయబడినవి. శిశువు కోటు తొడుగుకొనియుండెనని తల్లి చెప్పగా, ఆ కోటు ఆమె కల్పనయనిరి. న్యాయమూర్తి మ్యూర్‌హెడ్ జూరీకి చెప్పిన సారాంశము విడుదలకే మ్రొగ్గియుండెనని విన్నవారనుకొనిరి. 1982 అక్టోబరు 29వ తేదీన జూరీవారు నేరము రుజువైనదనిరి. యావజ్జీవ కఠినశిక్ష. భర్తకు పదునెనిమిది నెలలు విధించి సస్పెండు చేసిరి. మూడు వారములు తిరుగకముందే ఆమె ఖైదులో నుండగా ఆడుబిడ్డను కన్నది. ఆ బిడ్డను ఆమెయొద్ద ఉండనీయలేదు. ఫెడరలు కోర్టు అప్పీలు కొట్టివేసినది. 1984లో హైకోర్టు, అనగా ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, మువ్వురి కిరువురుగా చీలి శిక్షను నిలిపినది.

ఆ జూరీవారు పండ్రెండుగురు ఏ నక్షత్రమండలమునుండి దిగివచ్చిరి? వారును రెండేండ్లుగా ఆ పత్రికలనే చదివిరి, ఆ హాస్యములనే వినిరి. ప్రమాణము చేసినంతమాత్రమున చెవిలో దూరినది వెలికి వచ్చునా? మన దేశమున 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడుతో జూరీలు పోయినవి గదా, మనకీ భయమేమి అందురేమో. మన కోర్టులలో సాక్ష్యము చెప్పువారు ఎవరు? ఆ వీథివారే. మూడు నెలలు అరుగుమీద విన్నదానిని నాల్గవనెల ‘చూచితి’నని నమ్మి, నిజముగా నమ్మియే, బోనెక్కి చెప్పు సాక్షులను మేము పరీక్షించియున్నాము. అబద్ధీకుని క్రాసు పరీక్షలో పట్టవచ్చును గాని, ఊరిమాటను తన కన్నుగా చేసికొన్న సత్యవంతుని పట్టుట బ్రహ్మతరము కాదు.

ఇచ్చట మా తప్పును గూడ ఒప్పుకొనుట ధర్మము. కొన్ని యేండ్ల క్రిందట మా ప్రాంతమున నొక కోడలు అత్తవారింటినుండి కనబడకపోయినది. చంపి కాలువలో వేసిరని ఊరంతయు పలికినది. మా బార్ అసోసియేషను గదిలో కాఫీ త్రాగుచు మేమును పలికితిమి. పైగా ఏ సెక్షను క్రింద ఎంత శిక్ష పడునో లెక్క వేసితిమి. ఆ మామగారి దుకాణమునకు బేరము పోయినది. రెండు నెలలకు ఆ యమ్మాయి మరొక యూర ఉద్యోగము చేసికొనుచు కనబడినది. ఇల్లు విడుచుటకు ఆమె కారణము లామెకు గలవు. అవి హత్యలు కావు. దుకాణము మరల తెరువలేదు. ఆయన మా యెదుట పడినప్పుడెల్ల మేమే ముందుగా తల వంచుకొందుము. ఆయనతో ఆ మాట ఈనాటివరకు ఎత్తలేదు.

ఇట్టిది క్రొత్తగాదు. 1660లో ఇంగ్లండులోని కాంప్‌డెన్ అను గ్రామమున విలియం హారిసన్ అను డెబ్బదేండ్ల ఎస్టేటు అధికారి శిస్తు వసూలుకు పోయి మాయమయ్యెను. సేవకుడు జాన్ పెరీ అధికారుల ప్రశ్నలకు చిక్కి, తన తల్లియు తమ్ముడును ఆయనను చంపిరని చెప్పెను. దేహము దొరకలేదు. తల్లిని, కొడుకుల నిరువురను ఉరిదీసిరి. 1662లో హారిసన్ నడచి యింటికి వచ్చెను! ఆ శతాబ్దపు న్యాయమూర్తి మాథ్యూ హేల్, చంపిన సంగతి రుజువు కానిదే, లేదా కనీసము దేహమైనను దొరకనిదే హత్యానేరమునకు శిక్ష వేయరాదని వ్రాసెను. మన సుప్రీంకోర్టు 1981లో రామానంద్ కేసున దేహము దొరకుట తప్పనిసరి కాదని తీర్పు చెప్పినమాట నిజమే. దేహమును మాయము చేయగల చతురుడు శిక్ష తప్పించుకొనరాదు గదా. కాని మరణము జరిగినదని వేరు బలమైన సాక్ష్యముతో రుజువు కావలెనని ఆ తీర్పే చెప్పుచున్నది. ఊరి నమ్మకము ఆ సాక్ష్యము కాదు.

“అట్లైన నోళ్లు మూసికొని కూర్చుండుమందురా?” అని వెనుకవరుసనుండి యొక మిత్రు డడుగుచున్నాడు. మంచి ప్రశ్న. కాదు. బీదవాని బిడ్డ కనబడకపోయిన నాడు స్టేషనులో కాగితము తీసికొనువారుండరు. ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరియని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము చెప్పవలసివచ్చినది కూడ, కనబడకపోయిన యొక మైనరు బాలిక తండ్రి మొర ఎవరును వినని కేసులోనే. అట్టిచోట పదుగురు కూడి అడుగకున్న కాగితము కదలదు. చాంబర్లేన్ వ్యవహారమునను ఆమెను ఖైదుకు పంపుటకు తోడ్పడిన జనమే, ఆమెను విడిపించుటకును తోడ్పడినది. వేలకొలది జనులు మహజరులపై సంతకములు చేసిరి. శాస్త్రజ్ఞులు కొందరు ఆ నెత్తుటి పరీక్ష చెల్లదని బహిరంగముగా పలికిరి. వీరు మాటలాడినది ఆమె ముఖమునుగూర్చి కాదు, పరీక్షనాళికనుగూర్చి. మాటలాడుట ఒక్కటే, అడిగిన ప్రశ్న మారినది.

ఆ కోటు సంగతికి వత్తము. 1986 ప్రారంభమున ఉలూరు శిలనెక్కిన యొక ఆంగ్లయాత్రికుడు జారిపడి మరణించెను. అతని దేహమునకై వెదకుచుండగా, డింగోల గుహలు గల చోట, ఇసుకలో సగము పూడి శిశువు కోటు కనబడినది. తల్లి కల్పనయన్న కోటు! అయిదు దినములలో, ఫిబ్రవరి 7వ తేదీన, ఆమె విడుదలయ్యెను. న్యాయమూర్తి ట్రెవర్ మార్లింగ్ అధ్యక్షతను రాయల్ కమిషన్ కూర్చున్నది. కారులోని ‘పసిబిడ్డ నెత్తురు’లో ముఖ్యమైనది, చప్పుడు తగ్గుటకై కారు చేయునప్పుడే చల్లిన పూతయని తేలినది. బట్టలమీది ‘కత్తెర కోతలు’ డింగో దంతములకును పడగలవని తేలినది. నాడు ఇసుక చదివిన అనంగు జాడగాండ్రమాట ఏడేండ్లకు శ్రద్ధగా వినబడినది. కృష్ణుడు అడవికి పోయి ప్రసేనుని కళేబరమును, సింహపు అడుగులను, ఎలుగుబంటి అడుగులను కూడ వచ్చినవారికి చూపెను. వారు చూచిరి, నమ్మిరి. ఉలూరులో జాడ చూపినవారు మొదటిరాత్రియే ఉండిరి. చూచుటకు పోయినవారే తక్కువ. 1988 సెప్టెంబరు 15న శిక్షలు కొట్టివేయబడినవి.

అంతటితోనైన లోకము ఊరకుండెనా? “రుజువు కాలేదు గాని...” అని సాగదీయుట మిగిలినది. 1995లో మూడవ విచారణచేసిన కరోనర్ మరణకారణము తేలలేదని వ్రాసెను. 2001లో తూర్పుతీరపు ఫ్రేజర్ ద్వీపమున డింగోలు తొమ్మిదేండ్ల బాలుని చంపినవి. డింగో మనిషిబిడ్డను ముట్టదను వాదము దానితో పోయినది. అదియు మరొక తల్లి కడుపుకోతతో.

కట్టకడపట నాల్గవ విచారణ. 2012 జూన్ 12వ తేదీన డార్విన్‌లో కరోనర్ ఎలిజబెత్ మోరిస్, డింగో ఎత్తుకొనిపోయినందుననే అజారియా మరణించినదని నిర్ణయము చదివెను. చదువునప్పు డామె గొంతు పూడుకొనిపోయినది. తల్లి ముప్పదిరెండవయేట చల్లారిన జుట్టుతో వినుచుండెను. ఆనాడు ఆ తలిదండ్రులు కోర్టునుండి బయటికి వచ్చునప్పుడు వారిచేత నొక కాగితముండెను: కారణము దిద్దబడిన బిడ్డ మరణధ్రువపత్రము.