గ్రహశకలములలో గనిపని: ఒక ఆటను నిర్మించిన కథ



నేడు నేను విన్నవింపదలచిన విషయము మొదట మీకు వింతగా తోచవచ్చును. నా వృత్తి ఆటలు నిర్మించుట. కొయ్యతోనో మట్టితోనో చేయు ఆటలు కావు. కంప్యూటరునందును, చేతి ఫోనునందును పిల్లలు ఆడుకొను బొమ్మల ఆటలు. మీ మనుమలు అరుగుమీద తలవంచుకొని కూర్చుండి, అద్దముపై వ్రేళ్లు కదపుచుండుట మీరు చూచియే యుందురు. అట్టి ఆటలలో నొకదానియందు, ఆకాశమందలి రాళ్లను త్రవ్వి ఖనిజములు తీయు పనికి నియమములు కల్పించు భారము నాపై బడినది. ఆ పనిలో నేను నేర్చినదానిని, చేసిన తప్పును మీ యెదుట నుంచెదను.

ముందుగా ఆ రాళ్ల సంగతి. అంగారక బృహస్పతి గ్రహముల నడుమ లెక్కకు మిక్కిలియగు శిలాఖండములు సూర్యుని చుట్టు తిరుగుచున్నవి. వీనిని గ్రహశకలము లందురు. 1801వ సంవత్సరము జనవరి 1వ తేదీ రాత్రి, సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున పియాజీ యను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు వీనిలో అన్నింటికంటె పెద్దదియగు సెరిస్‌ను మొదట కనుగొనెను. నేటికి 10 లక్షలకు పైగా శకలములు లెక్కకు వచ్చినవి. అయినను ఆ పట్టీలోని రాళ్ల నన్నింటిని కలిపి తూచినచో మన చంద్రుని బరువులో నూటికి 3 పాళ్లు మాత్రమే తూగును. పెద్ద శకలముల నడుమ లక్షలకొలది కిలోమీటర్ల యెడముండును.

ఆటలలో నిట్లుండదు. 1979లో అమెరికాయందు అటారీ సంస్థవారు వెలువరించిన 'ఆస్టరాయిడ్స్' అను ఆటలో రాళ్లు సంతలో జనమువలె క్రిక్కిరిసి యుండును. వానిని కాల్చి పగులగొట్టుటయే పని. 1984లో ఇంగ్లండునందు బ్రాబెన్, బెల్ అను ఇద్దరు యువకులు రచించిన 'ఎలైట్' అను ఆటలో, రాతిని పగులగొట్టి ముక్కలను ఓడలోనికి చేర్చుకొని అంగడిలో అమ్ముకొను ఏర్పాటుండెను. 2003లో ఐస్‌లాండు దేశస్థులు వెలువరించిన 'ఈవ్ ఆన్‌లైన్' అను ఆటలో ఒకడు త్రవ్విన ఖనిజమును వేరొకడు కొని ఓడలు కట్టును. త్రవ్వువానిని దారిదోపిడికాండ్రు వెంటాడుదురు. రాతికి వెల రాతియందు లేదు, దాని యవసరము కలవానియందున్నదని ఆ ఆట నాకు నేర్పినది.

దూరము విషయమున నేనును అబద్ధమాడక తప్పలేదు. నెలల ప్రయాణమును నిమిషమునకు కుదించితిని. నాటకములో రాముడు రెండడుగులు వేసి అడవి చేరినట్లే ఇదియును. కాని బరువు విషయమున అబద్ధమాడుటకు మనసొప్పలేదు. బావిలో పలుగు వేయునప్పుడు మన దేహపు బరువే మనలను నేలకు అదిమి పట్టును. ఆ రాళ్లపై ఆ బరువు లేదు. బెన్ను అను శకలము అడ్డుకొలత సుమారు 500 మీటర్లు. దానిపై సెకనుకు జానెడు వేగముతో పైకి లేచినది మరల క్రిందికి రాదు. పలుగు వేసినవాడే ఎగిరిపోవును! 2020 అక్టోబరు 20వ తేదీన అమెరికావారి 'ఓసిరిస్ రెక్స్' నౌక ఆ రాతిని తాకగా, పైభాగము బండవలె నిలువక, వదులు కంకరకుప్పవలె లోనికి దిగబడెను. నడుమ రాళ్లు చిక్కుకొని మూత సరిగ పడకపోగా కొంత కంకర జారిపోయెను. 2023 సెప్టెంబరు 24వ తేదీన భూమికి చేరినది 121.6 గ్రాములు. కావున నా ఆటలో మొదట నౌకకు లంగరు వేయవలెను. పిదప మెల్లగా తొలువవలెను. తొందరపడినచో పొడి యెగసి సగము సొత్తు శూన్యమున కలియును.

ఇక త్రవ్వి తీయవలసినదేమి? తోడివారందరు బంగారమనిరి, నేను నీరంటిని. కొన్ని నల్లని శకలముల మట్టిలో నీరు అణగియున్నది. భూమినుండి బిందెడు నీటిని ఆకాశమునకు చేర్చుటకగు వ్యయము అపారము. ఆ నీటిని విడదీసినచో ఉదజని, ప్రాణవాయువులు లభించును. అవియే నౌకకు ఇంధనమగును. ఆడువాడు తీసిన నీటిని అమ్ముకొనవలెనా, ఇంటిదారికై దాచుకొనవలెనా యని యోచింపవలెను. విత్తనపు గింజలను తినవచ్చునా యను ప్రశ్న మీకు క్రొత్తది కాదు.

ఇంతవరకు బాగుగనే యుండెను. తరువాత నేను తప్పు చేసితిని. రాబడి చాలదని యజమానులు పలుకగా, రాతిగర్భమున మూసిన పెట్టె నొకదానిని చేర్చితిని. దానిని తెరచుటకు నిజమైన రూపాయలు చెల్లింపవలెను. లోపల రత్నముండవచ్చును, గులకరాయి యుండవచ్చును. ఎన్నింటి కొకసారి రత్నము రావలెనో లెక్కగట్టినవాడను నేనే. 2018లో బెల్జియము దేశపు జూదనియంత్రణ సంఘమువారు కొన్ని ఆటలలోని ఇట్టి పెట్టెలు జూదమేయని తేల్చిరి. నేనది యెరుగుదును, ఎరిగియు చేసితిని.

ఆ వేసవిలో మా అక్కగారింటికి పోతిని. పదమూడేండ్ల మేనల్లుడు నా ఆటనే ఆడుచుండెను. లంగరు, నీరు, ఏదియు వానికి పట్టలేదు. పెట్టె వెంట పెట్టె తెరచుచుండెను. మూడవనాడు అక్క బ్యాంకు పుస్తకము తెచ్చి, "తమ్ముడూ, పాలకేంద్రమువారు వేసిన సొమ్ములో 1,800 రూపాయలు కనబడుట లేదు, కొంచెము చూచిపెట్టు" మనెను. చూడ నక్కరలేకపోయెను. వాడు నా వెనుక నిలిచి, "ఇంకొక్క పెట్టెలో తప్పక వచ్చియుండును, మామయ్యా" యని గొణిగెను. పేకాటలో పొలము పోగొట్టుకొన్నవాని మాటయు నిదియే గదా! ఆ సొమ్ము నేనిచ్చితిని, నిజమును చెప్పితిని. అక్క నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు భారమైనది.

ఆ యూరనే బావులు త్రవ్వు వృద్ధ మేస్త్రి యొకడు పనిచేయుచుండగా చూచితిని. అతడు సుత్తితో బండపై తట్టి చెవి యొగ్గెను. ఖంగుమన్న గట్టిరాయి, బొదబొదమన్న లోపల పగులున్నదని చెప్పి, "రాయి చెప్పకుండ నుండదు బాబూ, వినువాడు కావలె" ననెను.

తిరిగి వచ్చి పెట్టెను తీసివేసితిని. దానికి మారుగా ప్రతి రాతికిని గుర్తులు పెట్టితిని. వెలుగుపడినప్పుడు నలుపు తేడా, చిన్న పరీక్షరంధ్రమునుండి వచ్చు పొడి, లంగరు కడ్డీలగుండ నౌకకు అందు అదురు. శూన్యమున గాలి లేక చప్పుడు వినబడదు గాని, కడ్డీలో అదురు పారును. గమనించిన వానికి ఫలము. గమనింపని వానికి గులకరాళ్లు. మూడు రాళ్లు ముగియగానే నౌక ఇంటికి మరలవలెను. నాటికి ఆట ముగిసెను.

రాబడి తగ్గినది. యజమానులకును నాకును గల ఒప్పందము ఆ యేడే ముగిసినది. మేనల్లుడు మాత్రము క్రొత్త యాట ఆడి, "ఇందులో నీరున్నదని తొలువక ముందే చెప్పితిని గదా, మామయ్యా!" యని గంతులు వేసెను. ఆ మాట నాకు చాలినది.

పెద్దలారా, ఫోనును లాగి పారవేయుడని నేను చెప్పను. బిడ్డ ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు. ఇందులో గెలుపు నీ తెలివివలననా, అదృష్టము వలననా? ఇది నిన్ను రూపాయలడుగుచున్నదా? దీనికి ముగింపు కలదా? జవాబులు వినినచో, అది ఆటయో జూదమో మీకే తెలియును. మీ చెవులు అనేక బండలను విన్నవి. దీనిని గూడ వినగలవు.