రెండణాలతో పెరిగిన బ్యాంకు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమాఖ్య తరఫున ఒక పొదుపు పరపతి సంఘం పెట్టాలని కొంతకాలంగా అనుకుంటున్నాం. పొద్దున కూడా అదే చర్చ. అప్పు ఎవరికివ్వాలి, వడ్డీ ఎంత, జామీను ఎవరు? అన్నీ అప్పు మాటలే. అందుకే ఈ కర్ణాటకలోనే నేతగాళ్ల కోసం పుట్టిన ఒక బ్యాంకు సంగతి చెబుదామని లేచాను. సిండికేట్ బ్యాంకు. మీలో చాలామందికి ఒకప్పుడు అందులో ఖాతా ఉండే ఉంటుంది. అది మగ్గం కోసం పుట్టిందని ఎంతమందికి తెలుసు?

1925లో ఉడుపిలో ముగ్గురు కలిశారు. ఉపేంద్ర అనంత పై వ్యాపారి, వామన్ శ్రీనివాస్ కుడ్వా ఇంజనీరు, టి.ఎం.ఎ. పై డాక్టరు. 8,000 రూపాయల మూలధనంతో కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్ అని మొదలుపెట్టారు. అప్పటికి అక్కడి చేనేత చితికిపోయి ఉంది. నేతగాళ్లకు పెట్టుబడి అందించడమే ముఖ్య ఉద్దేశం. ఆ తీరంలో మగ్గం నమ్ముకున్నవాళ్లలో మన పద్మశాలీలూ ఉన్నారు. శెట్టిగార్ అని పేరు పెట్టుకుంటారు, ఇంట్లో తుళు మాట్లాడతారు.

నేతగాడికి అప్పు ఎందుకు పుట్టదో మీకు నేను చెప్పక్కర్లేదు. పొలం లేదు, బంగారం లేదు. మగ్గం తాకట్టు పెట్టుకుని ఎవరేం చేసుకుంటారు? నూలు షావుకారిదే, చీర చేరేదీ అతనికే, ధర అతను చెప్పిందే.

మరి అప్పివ్వడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ బ్యాంకు అసలు తెలివి అక్కడ కనిపిస్తుంది. 1928లో పిగ్మీ డిపాజిట్ పెట్టారు. ఏజెంటు రోజూ ఇంటి గడపకే వస్తాడు. కనీసం రెండణాలు వెయ్యాలి. ఎనిమిది రోజులకు రూపాయి. రోజూ వేస్తే ఏడాదికి 45 రూపాయల పదణాలు. బ్యాంకు మెట్లెక్కడానికి జంకే మనిషి దగ్గరికి బ్యాంకే నడిచి వెళ్లిందన్నమాట. ఆ ఏడే బ్రహ్మావర్‌లో తొలి శాఖ తెరిచారు. తర్వాత ఎన్నో బ్యాంకులు, సహకార సంఘాలు ఈ పద్ధతినే ఎత్తుకున్నాయి. మన వీధుల్లో పిగ్మీ ఏజెంటు అంటే ఇప్పటికీ తెలియనివాడు లేడు.

ఇంటింటికీ తిరిగిన ఆ మనుషుల సంగతీ వినండి. వాళ్లకు దక్కింది కమీషను. మేమూ పనివాళ్లమేనని కోర్టుకెక్కి, చివరికి 2001లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆ మాట ఒప్పించుకున్నారు. అంటే ఆ పథకం నడిచినన్నాళ్లూ దాని బరువు ఎవరి కాళ్ల మీద ఉందో చూడండి.

మిగతా కథ త్వరగా చెబుతాను. 1964లో సిండికేట్ బ్యాంకు అని పేరు మారింది. 1969లో జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో అదొకటి. 1975 అక్టోబరు 2న మొరాదాబాద్‌లో దేశంలోనే తొలి గ్రామీణ బ్యాంకు ప్రథమాకు అండగా నిలబడింది. కడప కేంద్రంగా నడిచిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు వెనకా ఉన్నది ఇదే. 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసిపోయింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజు. బోర్డు దిగుతుంటే చూసిన వాళ్లు కూడా తక్కువే.

అంత పెద్దదయ్యాక నేతగాడు దానికి వేలమందిలో ఒకడు. దాన్ని తప్పని నేననను. బ్యాంకు ఎదగాలంటే అందరి డబ్బూ కావాలి. కానీ మగ్గం లెక్క తెలిసిన మేనేజరు ప్రతి శాఖలో ఉంటాడని ఆశించలేం. మనకంటూ ఒక సంఘం కావాలనడానికి నాకు కనిపించే కారణం అదొక్కటే.

పెట్టేముందు రెండు సంగతులు. బ్యాంకు డిపాజిట్‌కు మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంది. పరపతి సంఘంలో వేసిన డబ్బుకు ఆ బీమా లేదు. ఇది సభ్యత్వ ఫారం మీద పెద్దక్షరాల్లో ఉండాలి. ఆడపిల్ల పెళ్లికని దాచింది తెచ్చి వేస్తారు మనవాళ్లు, వాళ్లకు ముందే తెలియాలి.

రెండోది, రోజువారీ వసూలు మనకు కుదరదు. పడుగు మగ్గం మీదున్నన్నాళ్లు చేతిలో డబ్బాడదు, చీర దిగితేనే కూలి. సోలాపూర్ కార్ఖానాల్లో వారం పగార్. కాబట్టి మన వసూలు వారం లెక్కనో, చీర లెక్కనో ఉండాలి.

పొద్దున ఇచ్చిన ముసాయిదాలో అప్పు దరఖాస్తు మూడు పేజీలుంది. వసూలుకు గడప గడపకూ తిరిగే మనిషి ఎవరు, అతనికి జీతం ఎంత అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ అంశాన్ని రేపటి కమిటీ ఎజెండాలో మొదట చేర్చమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.