గ్రీన్లాండ్ కయాక్, మన పుట్టి



ఈరోజు మేము గ్రీన్లాండ్‌లోని ఇన్యూట్ ఆదివాసుల తోలు పడవ కయాక్ గురించి చెబుతాం. అక్కడ పెద్ద చెట్లుండవు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన కర్రతోనే చట్రం కట్టేవారు. ఇనుప మేకులు కాదు, కొయ్య చీలలు, తోలు తాళ్లు. అందుకే అల తగిలితే చట్రం కాస్త వంగుతుంది, విరగదు. టేపు లేదు, బారలు, పిడికిళ్లే కొలతలు. ఎవరి ఒంటికి తగ్గ పడవ వాళ్లది.

మమ్మల్నడిగితే అసలు పని ఆడవాళ్లది. సీల్ తోళ్లు శుభ్రం చేసి, తడిగా ఉండగానే చట్రం మీద లాగి కుట్టేవారు. సూది తోలు మందంలో సగం దాకానే దిగాలి. అవతలికి వస్తే ఆ తూటులోంచి నీళ్లొస్తాయి. వేటగాడి ప్రాణం ఆ కుట్టు మీదే! అయినా పుస్తకాల్లో బొమ్మ వేటగాడిదే.

మోటారు పడవలొచ్చాక చేసేవాళ్లు తగ్గిపోయారు. 1980ల్లో అక్కడి యువత పెద్దల దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకుంది. 1985లో దేశమంతటికీ కయాక్ సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు తోలుకు బదులు కాన్వాసు, నైలాను గుడ్డ కూడా వాడతారు. దాన్ని మేము తప్పుపట్టం, చట్రం కట్టడం చేతిలో నిలిచింది కదా.

మన నదుల మీది పుట్టి దీనికి చుట్టమే. వెదురు అల్లిక, పైన ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా. మీ వైపు అల్లేవాళ్లు ఎవరున్నారు? ఈ సెలవుల్లో వాళ్ల దగ్గరకు వెళ్లండి. వీడియో తీసుకోండి, కానీ వెదురు చీల్చడం మాత్రం మీ చేత్తోనే. కొలతలు రాసుకొస్తే హాస్టల్ గోడకు అంటిద్దాం.