పార వదిలేసిన మాట

ఈ పూట మనం ఒక ఇంగ్లీషు క్రియాపదం గురించి మాట్లాడుకుందాం. అది 'డెల్వ్'. పుస్తకాల్లో, సెమినార్లలో, ఈమధ్య చాట్‌బాట్‌లు రాసే వ్యాసాల్లో మనకు తరచూ కనిపిస్తుంది. సాధారణంగా దాని వెంట 'ఇంటూ' వస్తుంది. ఒక విషయంలోకి లోతుగా దిగి పరిశీలించడం అని అర్థం. సంచిలో చెయ్యి పెట్టి వెతకడానికి కూడా వాడతారు.

మొదట్లో దీని అర్థం ఇంకా సూటిగా ఉండేది. పాత ఇంగ్లీషులో ఇది 'డెల్ఫన్'. అంటే మట్టి తవ్వడం. తరువాత 'డిగ్' అనే మాట వచ్చి పార పని తీసుకుంది. 'డెల్వ్'కు బుద్ధితో తవ్వే పని మిగిలింది.

బైబిలు అనువాదాల్లోనే ఈ మార్పు చూడవచ్చు. లూకా సువార్త 16వ అధ్యాయంలో, పని పోబోతున్న గృహనిర్వాహకుడు తాను తవ్వలేననీ, అడుక్కోవడానికి సిగ్గనీ అనుకుంటాడు. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో అక్కడున్న మాట 'డెల్వ్'. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో అది 'డిగ్'.

'డెల్వ్' చేతిలో ఇంకా పార ఉన్న ఆ రోజుల్లోనే, 1381లో, తలపన్ను భారం మోయలేక ఇంగ్లండు రైతులు తిరగబడ్డారు. లండన్ దగ్గర బ్లాక్‌హీత్‌లో జాన్ బాల్ అనే పాదిరి వారికి ప్రసంగించాడు. ఆదాము తవ్విన సంగతి చెప్పడానికి ఆయన వాడిన మాట ఇదే. మన మొదటి తల్లిదండ్రులే చేతులతో కష్టపడ్డారు గనుక పుట్టుకతో ఎవరూ దొరలు కారన్నది ఆయన వాదన. ఆ జూలైలోనే ఆయనకు మరణశిక్ష అమలు చేశారు.

మన తెలుగులో రెండు పనులకూ ఒకటే మాట. బావి తవ్వుతాం, పాత సంగతులూ తవ్వుతాం. మర్యాద మాత్రం ఒకటిగా లేదు. వాక్యం తవ్వేవారికి వేదిక మీద కుర్చీ వేస్తాం. గుంత తవ్వేవారిని బయటే నిలబెడతాం. కోలార్ బంగారు గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, 2001లో మూతపడ్డాయి. అక్కడ తవ్విన చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. అలాంటి ఇళ్ళ పిల్లలు ఈరోజు లాప్‌టాప్ ముందు కూర్చుని 'డెల్వ్' అని రాస్తున్నారు.

మన సమాధుల తోటలో గుంత తవ్వే మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? ఆయనకు ఎంత కూలి ఇస్తున్నామో ఎందరికి తెలుసు? లేఖనాలను లోతుగా తవ్వుదాం. ఈ ఆదివారం ఆ రెండు సంగతులు కూడా కనుక్కుందాం. ఆ కూలి చాలదనిపిస్తే సంఘ కమిటీలో లేచి అడుగుదాం.