రాయకుండా వదిలేసిన లైను



పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలో నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఉద్యోగంలో చేరతారు. మొదట చేతికొచ్చేది కొత్త యాప్ కాకపోవచ్చు. ఎవరో ఏళ్ల కిందట రాసిన కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని కావచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి.

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో సంగతే చెబుతాను. 2023 డిసెంబర్‌లో వచ్చిన 5.0 వెర్షన్‌లో టైమ్‌జోన్ల లెక్కను ఆన్ చేసే యూజ్ టీజెడ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ ఫాల్స్ నుంచి ట్రూకు మారింది. సెట్టింగ్స్ ఫైల్లో ఆ లైను రాసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. రాయనివాళ్ల కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, సర్వర్ ఎప్పటిలాగే లేస్తుంది, కానీ లోపల లెక్కంతా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి వెళ్లిపోతుంది. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మన సమయంతో దాచిన పాత రికార్డులను జాంగో యూటీసీ అనుకుని, చూపించేటప్పుడు మరో అయిదున్నర గంటలు కలుపుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ చిక్కు లేదు. అయితే జాంగో ఇచ్చే ప్రస్తుత సమయం నుంచి నేరుగా తేదీ తీసుకునే కోడ్ ఏ డేటాబేస్‌తోనైనా దెబ్బతింటుంది: అర్ధరాత్రి నుంచి అయిదున్నర దాకా నిన్నటి తేదీ ఇస్తుంది. పగటిపూట పరీక్షించినవాళ్లకు ఏ తప్పూ కనబడదు. వేకువన ఆసుపత్రికి వచ్చిన రోగి పేరు నిన్నటి జాబితాలో పడితే, ఆ మనిషిని ఎవరు పిలుస్తారు? నన్ను కలవరపెట్టేది అదే.

భారత ప్రామాణిక కాలాన్ని అణు గడియారాలతో కాపాడే జాతీయ భౌతిక ప్రయోగశాల ఈ ఢిల్లీలోనే, పూసా దగ్గర ఉంది. అంత శ్రద్ధగా నిలబెట్టిన సమయం ఒక సెట్టింగ్ దగ్గర జారిపోకూడదు.

జాంగో బృందం ఆ డిఫాల్ట్ మార్పును దాచలేదు. 2021 డిసెంబర్‌లో, 4.0 విడుదల నోట్స్‌లోనే చెప్పింది, వార్నింగ్ కూడా పెట్టింది. అలాంటి వార్నింగులను పైథాన్ మామూలుగా చూపదు, అడిగితేనే చూపుతుంది. డిఫాల్టులకు ఇంకో ఉదాహరణ: జాంగో పుట్టింది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం లారెన్స్‌లోని ఒక పత్రికాఫీసులో. టైమ్‌జోన్ రాయకపోతే ఇవాళ్టికీ అది షికాగో సమయాన్నే తీసుకుంటుంది. మనం రాయని చోట ఇంకెవరి నిర్ణయమో నడుస్తుంటుంది.

"ఈ పూటకల్లా అప్‌గ్రేడ్ అయిపోవాలి" అని మీ మేనేజర్ అంటే, విడుదల నోట్స్ చదవడానికి ఒక రోజు గడువు అడగండి. ముందు 4.2లో ఆగి, వార్నింగులన్నీ తీర్చాకే 5.0కు వెళ్లండి. టెస్టుల్లో గడియారాన్ని రాత్రి రెండింటికి పెట్టి నడపండి. మార్చిన సెట్టింగ్ పక్కన కారణం ఒక కామెంటుగా రాయండి. వచ్చే ఏడాది ఆ ఫైలు తెరిచేది ఇప్పుడు వెనక వరసల్లో కూర్చున్న మీ జూనియర్లే కావచ్చు.