న్యాయాధిపతికి పాఠము చెప్పువారెవరు?



పొలము గట్టు తగవు విచారించుటకు కూర్చున్న రెవెన్యూ అధికారిని మీలో పలువురు చూచియే యుందురు. ఆయన యొంటిమీద నల్లకోటుండదు. ఆయన యెదుట వాదించువారు ప్లీడర్లు కాకపోవచ్చును. అయినను ఆయన వ్రాసిన నాలుగు పంక్తులవలన ఒకని హక్కు నిలుచును, మరియొకని హక్కు పోవును. ఆయన సర్కారు ఉద్యోగియా, న్యాయాధిపతియా యని యడిగిన రెండును అని చెప్పవలసి వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి రెండు తలల ఉద్యోగమునకు ప్రత్యేకముగ ఒక పేరే కలదు. వారిని పరిపాలనా న్యాయాధిపతులందురు. ఒకమారు ఆ పీఠమెక్కినవారు మరల మరల ఏల చదువుకొనవలెను, ఆ చదువు వారికి ఎవరు చెప్పవలెను అనునది నేటి ప్రసంగవిషయము.

ఆ దేశమున 1946లో ఒక చట్టము చేసి, సర్కారు శాఖలలో తగవులు విను ఈ యధికారులకు కొంత స్వాతంత్ర్యము కల్పించిరి. అప్పుడు వారిని విచారణాధికారులని పిలిచెడివారు. 1972లో న్యాయాధిపతులను పేరు వచ్చినది. కేంద్రప్రభుత్వమున నున్న ఇట్టివారిలో అత్యధికులు సాంఘిక భద్రతా సంస్థయందే పనిచేయుచున్నారు. ఆ సంస్థ పని యేమనగా, కూలి చేసిన దినములలో జీతమునుండి పన్ను చెల్లించిన మనుష్యుడు రోగముచేతనో దెబ్బచేతనో ఇక పనిచేయలేని స్థితికి వచ్చినప్పుడు వానికి నెలనెల భృతి నిచ్చుట. అర్జీ మొదట కార్యాలయమున కాగితములమీద పరిశీలింపబడును. కాదన్నచో మరల చూడుమని కోరవచ్చును. అప్పుడును కాదన్నచో అర్జీదారు న్యాయాధిపతి యెదుటికి వచ్చును. వాని ముఖము చూచి, వాని మాట వినువాడు సాధారణముగ ఆ న్యాయాధిపతియే మొదటివాడు. అందుచేతనే ఆయన తెలివికిగాని తెలియమికిగాని అంత బరువు.

ఇచట మన కోర్టులకు లేని విశేషమొకటి కలదు. ఆ విచారణయందు సర్కారు పక్షమున వకీలు సామాన్యముగ రాడు. అర్జీదారు పక్షమునను ఒక్కొక్కప్పుడు ఎవ్వరు నుండరు. వాని వైపు సాక్ష్యమును, సంస్థ వైపు సాక్ష్యమును న్యాయాధిపతియే సేకరించి, తీర్పును తానే వ్రాయవలెను. సాన్ ఆంటోనియో పట్టణమున పెరాలిస్ అను లారీ నడుపువాడొకడు 1965లో బరువెత్తబోయి నడుము దెబ్బతిని, ఒక్క మనిషి ఇన్ని పాత్రలు ధరించుట న్యాయమా యని సుప్రీముకోర్టు దాక పోయెను. 1971లో కోర్టు ఆ వాదము నంగీకరింపలేదు. 2000లో మరియొక వ్యాజ్యమున ఆ కోర్టు న్యాయమూర్తులు నలుగురు, భృతి నిచ్చుటకును నిరాకరించుటకును గల వాదములు రెండింటిని వెదకి తీయుట ఈ న్యాయాధిపతి విధియని వ్రాసిరి. రెండు చేతులతో రెండు పక్షములను పట్టుకొని నడుమ తాను వంగకుండ నిలుచుట యన్నమాట. ఇది న్యాయశాస్త్ర పరీక్షలో నెగ్గినంతనే అలవడు విద్య కాదు.

ఒక ఉదాహరణము చెప్పెదను. విచారణశాలలో వృత్తులనుగూర్చి తెలిసిన నిపుణుడొకడు కూర్చుండును. న్యాయాధిపతి వానినిట్లు ప్రశ్నించును: “పది పౌనులకు, అనగా సుమారు నాలుగున్నర కిలోలకు మించి యెత్తలేనివాడు, ఎనిమిది గంటల పనిదినమున ఆరు గంటలు కూర్చుండగలవాడు ఒకడున్నాడనుకొనుడు. వాడు చేయదగిన పని దేశమున కలదా?” కలదని నిపుణుడు చెప్పవచ్చును. కాని ఆ అర్జీదారు మధ్యాహ్నవేళ నొప్పి కోర్వలేక గంటసేపు పండుకొనవలసినవాడనుకొందము. ఆ సంగతి ప్రశ్నలో చేర్చిన యెడల ప్రత్యుత్తరము తారుమారగును. నిపుణుని తప్పేమియు లేదు; అడిగినదానికే వాడు బదులు చెప్పినాడు. కుటుంబము పొయ్యి వెలుగుటయు ఆరుటయు ప్రశ్నలోని ఒక్క మాటమీద నున్నది. కావున ఈ న్యాయాధిపతుల తరగతులలో చట్టపు సెక్షనులకంటె ప్రశ్న వేయు విధమునకే ఎక్కువ గంటలు కేటాయించుట మేలని నా యభిప్రాయము.

ఇక నేర్చిన విద్య పాతబడుట మరియొక చిక్కు. ఆ నిపుణులు ఆధారముగ చూచు వృత్తుల నిఘంటువు ఒకటి కలదు. అది చివరిసారి 1991లో సవరింపబడినది. కార్యాలయములలో గాలిగొట్టములగుండ కాగితములు పంపు ఉద్యోగమును అందున్నది! అట్టి కొలువులను చూపి, “నీవు చేయదగిన పనులు కలవు, భృతి లేదు, పొమ్ము” అనుటకు వీలుండెడిది. 2024లో గాని ఆ సంస్థ నూటికి పైబడిన వృత్తులను ఏరివేసి, వీనిని కారణముగ చూపి అర్జీలను నిరాకరింపరాదని చెప్పలేదు. వైద్యుల మాటను తూచు పద్ధతియు మారినది. రోగిని ఎల్లకాలము చూచుచున్న వైద్యుని యభిప్రాయమునకు పూర్వము ప్రత్యేకమైన బరువుండెడిది; 2017 మార్చి 27వ తేదీ మొదలుకొని వచ్చిన అర్జీలకు ఆ నియమము తీసివేసి, ఏ వైద్యుని మాటకు ఆధారమెంత, ఇతర సాక్ష్యముతో పొందికయెంత యని చూడవలెననిరి. పాత అర్జీకి పాత నియమము, క్రొత్త అర్జీకి క్రొత్తది. ఒకే బల్లమీద ఆ రెండు విధముల కట్టలును ఉన్న దినములలో, చదువు మానిన న్యాయాధిపతి ఒకదాని కొలతతో మరియొకదానిని కొలిచియుండును.

క్రొత్తగ నియుక్తులైనవారికి సంస్థయే తరగతులు నడపును. అనుభవజ్ఞుడగు తోటి న్యాయాధిపతి నొకనిని తోడిచ్చును. ఆ పిదపను పాఠములు సాగుచుండును. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే భృతి నిచ్చు బొక్కసము ఎవరిదో, పాఠము చెప్పు బడియు వారిదే. ఇక్కడ కొంత ఆగి ఆలోచింపవలెను.

ఈ భయము ఊహ కాదు. 1980లో కాంగ్రెసు ఒక చట్టము చేసి, న్యాయాధిపతుల తీర్పులను సంస్థ తనంతట తాను పునర్విమర్శ చేయవలెననెను. ఆ సంస్థ ఏమి చేసినదనగా, నూటికి 70 గాని అంతకు మించి గాని అర్జీలను మంజూరు చేయు న్యాయాధిపతులను ఏరి, వారి తీర్పులను ప్రత్యేకముగ పరీక్షింప మొదలిడెను. ఎక్కువగ నిరాకరించువారిని అట్లు ఏరలేదు. ఏరబడినవారికి తప్పులు చూపి హితబోధ చేయుట, అప్పటికిని మారకున్న ఉద్యోగమునకే చిక్కు తెచ్చుట ఆ యేర్పాటు. హితబోధయు చదువే కదా యనవచ్చును. కాని తక్కెడను ఒక వైపునకే వంచు బోధను చదువనుట ఎట్లు? న్యాయాధిపతుల సంఘము వ్యాజ్యము వేసెను. 1984లో వాషింగ్టనులోని జిల్లాకోర్టు, మంజూరుల సంఖ్యపైననే కన్నుంచుటవలన అన్యాయమును ఒత్తిడియు కలుగు వాతావరణ మేర్పడినదని తీర్పునందు వ్రాసెను. సంస్థ అప్పటికే పద్ధతి మార్చుకొనియుండుటచే నిషేధాజ్ఞ మాత్ర మీయలేదు.

అట్లని న్యాయాధిపతికి ఎవ్వరును ఏమియు చెప్పరాదనుట కాదు. స్వతంత్రుడనని చెప్పి ముప్పదియేండ్ల నాటి వైద్యముతో తీర్పులు వ్రాయువానివలన అర్జీదారునకు కలుగు నష్టము తక్కువది కాదు. పైగా 2018 జూలైలో, ఈ యుద్యోగమునకు పూర్వముండిన పోటీపరీక్ష పద్ధతిని తొలగించి, ఎంపికను ఆయా సంస్థాధిపతుల చేతికిచ్చిరి. ప్రవేశద్వారమున పరీక్ష తగ్గినప్పుడు లోపలి చదువు మరింత గట్టిగ నుండవలసినదే.

దీనికొక మార్గము ఆ దేశముననే కొంతవరకు కలదు. నెవాడా రాష్ట్రమునందలి రెనో పట్టణమున న్యాయాధిపతులకొరకే యొక కళాశాల గలదు. అది 1963లో స్థాపింపబడినది. పరిపాలనా న్యాయాధిపతులు అచటికిపోయి, నిష్పక్షపాతముగ విచారణ జరుపుట, తీర్పు వ్రాయుట మొదలైనవి నేర్చుకొందురు. అచట బోధించువాడు వారి జీతగాడును కాడు, వారి యజమానియు కాడు. ఒక బల్లవద్ద భృతి తగవులు వినువాడు, ప్రక్కన పనివారి నష్టపరిహారము తీర్చువాడు కూర్చుందురు. ఒకని శాఖలో అలవాటైపోయిన దోషము రెండవవానికి వెంటనే కనబడును.

కాలిఫోర్నియా రాష్ట్రము ఇంతకంటె ముందే, 1945లోనే, తగవులు వినువారిని ఆయా శాఖలనుండి విడదీసి ఒక వేరు కార్యాలయమున చేర్చెను. పిదప అనేక రాష్ట్రములు ఆ మార్గము ననుసరించినవి. అట్టి చోట్ల వైద్యుని లైసెన్సు రద్దు చేయవలెనని కోరు శాఖ యొకటి, ఆ కోరిక విని తీర్పు చెప్పువాని కార్యాలయము మరియొకటి. పాఠములను ఏర్పాటు చేయునది రెండవదే. కేంద్రప్రభుత్వపు భృతి విచారణలు మాత్రము నేటికిని ఆ సంస్థ కప్పుక్రిందనే జరుగుచున్నవి.