నోటరీ ముద్ర వేసే చెయ్యి మన బిడ్డదెందుకు కావద్దు?

(పట్టణ సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడిన మాటలు)



మీటింగు పెట్టినప్పుడల్లా పొదుపు, లోను, కిస్తీ గురించే మాట్లాడుకుంటం. ఇయ్యాల నోటరీ గురించి చెప్తా. నేను చదివింది పదో తరగతే. తప్పు చేసి నేర్చుకున్న కాబట్టి చెప్తున్న.

నాలుగేండ్ల కింద గ్రూపు లోనుకు పుస్తెలతాడు కుదువబెట్టిన పైసలు కలిపి వంద గజాల జాగ కొన్న. అమ్మినాయన స్టాంపు కాగితం తెచ్చి మా ఇంట్లనే సంతకం పెట్టించుకున్నడు. సాయంత్రం ముద్ర వేయించి తెచ్చి, "నోటరీ అయింది, ఇంక జాగ నీదే" అన్నడు. ఆ నోటరీ మొఖం కూడా నేను చూడలే. రెండేండ్లకు పునాది తీద్దామని పోతే, వేరేవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితం చూపెట్టిండ్రు. జాగ పోయింది. కిస్తీలు మాత్రం చివరి దాకా కట్టిన.

తర్వాత ఒక వకీలు మేడమ్ విడమరిచి చెప్పింది. నోటరీ ముద్ర అంటే, ఈ మనిషి నా ముందర సంతకం పెట్టిందని సాక్ష్యం. అంతేగాని ఆస్తి మన పేరు మీదికి రాదు. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న ఇల్లు, జాగ కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కావాల్సిందే. నోటరీ దగ్గరికి మనమే పోవాలె. రిజిస్టర్‌లో రాసుకుని, అందులో మన సంతకం తీసుకోవాలె. ముద్ర గుండ్రంగా ఉంటది, అందులో ఆయన పేరు, ఏరియా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలె. ఫీజు ఎంతో ఆఫీసు లోపలా బయటా బోర్డు మీద రాసి పెట్టాలె. ఇవన్నీ రూల్సులో ఉన్నయి.

మరి ఆ ముద్ర వేసే హక్కు ఎవరికి ఇస్తరని అడిగిన. 1952 నోటరీల చట్టం, 1956 రూల్స్ ప్రకారం మామూలుగా పదేండ్లు వకీలుగా ప్రాక్టీసు చేసి ఉండాలెనట. ఆడవాళ్లకు మాత్రం ఏడేండ్లు చాలు, ఏ కులమైనా సరే. ఎస్సీ, ఎస్టీ, బీసీ మగవాళ్లకు కూడా ఏడే. మనకు ఇట్లాంటి రూలు ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెల్వదు.

లెక్క వేసుకుందాం. ఇంటర్ అయిపోయిన బిడ్డ లాసెట్ రాసి అయిదేండ్ల లా కోర్సు చేస్తది. డిగ్రీ అయినోళ్లకు మూడేండ్లే. తర్వాత బార్ కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసై, ఏడేండ్లు కోర్టుల పని చెయ్యాలె. పద్దెనిమిదేండ్లకు మొదలుపెడితే ముప్పయి నిండేసరికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియమించేది ప్రభుత్వం. దరఖాస్తు పెట్టిన అందరికీ వస్తదని కాదు, కానీ పెట్టకుంటే అసలే రాదు. ఇచ్చే సర్టిఫికెట్ అయిదేండ్లకు ఉంటది, తర్వాత రెన్యువల్ చేసుకోవాలె.

మా పెద్దబిడ్డ ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. "పెండ్లి చెయ్యరాదా?" అని చుట్టాలు అడుగుతుండ్రు. నేను లాసెట్ పుస్తకం కొనిచ్చిన.

సమాఖ్యను రెండు కోరుతున్న. ఒకటి, జాగ కొనడానికి లోను అడిగినోళ్ల కాగితాలు పైసలు ఇయ్యకముందే మన గ్రూపు చూడాలె, రిజిస్ట్రేషన్ ఉంటేనే ముందుకు పోవాలె. రెండు, లా చదివే ఆడపిల్లల ఫీజులకు లోను ఇచ్చేటట్టు తీర్మానం చెయ్యాలె. ఇంకొక మాట, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. నేను ఆలస్యంగా అడిగిన. మీరు సంతకం పెట్టకముందే అడగండి.

సెలవు.